ఇరవై డాలర్ల సైకిలు

2008 వేసవి. శాన్ డియేగోలో నా ఎమ్మెస్ మొదటి ఏడాది అప్పుడే అయిపోయింది. అద్దె ఇంట్లో నలుగురం, నలుగురికీ కలిపి ఒకటే కారు, అదీ నాది కాదు. ఒక సైకిలుంటే బతికిపోతానని వెతుకుతుంటే ఎవరో చెప్పారు. ఊరికి దక్షిణాన, మెక్సికో కంచెకి ఇవతల, టిహువానా నది లోయలో ఒకాయన సైకిళ్ళు కుప్పపోసి అమ్ముతున్నాడట. ఏది ఏరుకున్నా ఇరవై డాలర్లే.

ట్రాలీ రైలు దిగి చాలాసేపు నడిచాను. గుర్రాల కొట్టాలు, ఎండుగడ్డి వాసన, దాన్ని మించి మురుగు కంపు. ఆ నది మెక్సికో వైపు నుంచి పారుతూ సరిహద్దు దాటి ఇటు వచ్చి సముద్రంలో కలుస్తుంది. వాన పడిందంటే టిహువానా ఊరి మురుగంతా దాంతోపాటే వస్తుంది. వీసా అడిగేవాడు లేడు.

కొట్టం పక్కన సైకిళ్ళు వందకి పైనే ఉన్నాయి. పిల్లలవి, ఆడవాళ్ళవి, గేర్లవి, గేర్లు ఊడినవి, గులాబీరంగు బుట్ట ఉన్నది కూడా ఒకటి. పెద్దాయన ఒకరు కుర్చీలో కూర్చుని నిమ్మకాయ సోడా తాగుతున్నాడు. "ఇన్ని ఎక్కడివండీ?" అని అడిగితే మాట్లాడలేదు, గడ్డం ఎత్తి దక్షిణం వైపు కొండని చూపించాడు. కొండమీద టిహువానా ఇళ్ళు అగ్గిపెట్టెలు పేర్చినట్టున్నాయి. అక్కడేదో చవక బజారు ఉందేమో అనుకున్నాను. నా తెలివి అప్పటికి అంతే.

నేను సైకిలు ఏరడం చూసి ఆయన కుర్చీలోంచి లేచాడు. నా చేతివాటం ఆయనకి తెలిసిపోయింది. చక్రం ఎత్తి తిప్పి రిమ్ము ఒంకర చూశాను, పుల్లలు వేలితో మీటి చప్పుడు విన్నాను, ఫోర్కు కాళ్ళ మధ్య బిగించి హ్యాండిలు అటూ ఇటూ తిప్పాను. ఇదంతా బడిలో నేర్చింది కాదు. కోదాడ బస్టాండుకి దగ్గర్లో మా నాన్నకి సైకిల్ టాక్సీ ఉండేది. ఈ కాలం పిల్లలకి చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: సైకిల్ టాక్సీ అంటే ఎక్కించుకుని తిప్పేది కాదు, సైకిళ్ళు గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణం. వెనక మడ్‌గార్డు మీద ఎర్ర పెయింటుతో నంబరు. పలక మీద నంబరు, తీసుకున్న మనిషి, టైము. గంటకి రూపాయి. దసరాకి ముప్పై సైకిళ్ళూ కడిగి పసుపు, కుంకుమ పెట్టి బయట వరసగా నిలబెడితే వీధి మొత్తం మాదే అనిపించేది.

చివరికి ఒక నీలం సైకిలు ఏరుకున్నాను. ఇరవై ఇచ్చాను. బేరం ఆడబోతే ఆయన మళ్ళీ సోడా వైపు చూశాడు.

లోయలోంచి ఉత్తరానికి తొక్కుకుంటూ వస్తుంటే, మట్టిదారి మలుపులో ఆకుపచ్చ యూనిఫాం సరిహద్దు కాపలా మనిషి ఒకడు నాలుగు చక్రాల బండి అడ్డం పెట్టి ఆపాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఏ ఊరు, ఎక్కడికి అని అడిగాడు. కాలేజీ ఐడీ, జేబులో ఎప్పుడూ ఉంచుకునే ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం) జిరాక్సు చూపించాను. అవి సగమే చూశాడు. చూపంతా సైకిలు మీదే ఉంది. ముందు చక్రం చూశాడు, సీటు చూశాడు, "ఎంతకి కొన్నావ్?" అన్నాడు. చెప్పాను. నవ్వి, "ఈ సైకిలు ఈ దారిన రావడం ఇది రెండోసారి" అన్నాడు.

అంటే గుర్తుపట్టింది నన్ను కాదు, సైకిలుని. ఆ మాట అర్థం కావడానికి నాకు ఇంకో వారం పట్టింది.

ఆ వారంలో జరిగింది ఇది. రెండో రోజే వెనక చక్రం గాలి పోయింది. అపార్టుమెంటు మెట్ల కింద సైకిలు బోర్లేసి, స్పూన్లతో టైరు ఊడదీశాను. మా నాన్నకి కాలింగ్ కార్డు మీద ఫోన్ చేసి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చూసింది చూసినట్టు చెబుతున్నాను.

"బ్రేకు రబ్బర్లు ఇనుము దాకా అరిగిపోయినయి నాన్నా. ముందూ వెనకా రెండూ."

"టైర్లో?"

"టైర్లు బానే ఉన్నయి. గీతలు కూడా పోలేదు."

నాన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "టైరు అరగకుండా బ్రేకు అరిగిందంటే ఆ సైకిలు తొక్కింది కాదురా, దింపింది. శివరాత్రికి సైకిలు మీద శ్రీశైలం పోయొచ్చినోళ్ళ బండ్లు ఇట్లనే ఉంటయి. ఏదో ఘాటు దిగింది అది."

సీటు సంగతి చెప్పాను. నేను కొన్నప్పుడే గొట్టంలోకి పూర్తిగా దించేసి ఉంది, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చిన్నపిల్లాడిదేమో అన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "ఎవడు ఎక్కుతడో తెల్వని బండికి సీటు కిందికే పెడతరు. పొట్టోడికి కాలు అందకపోతే పడతడు, పొడుగోడు ఎట్లన్న తొక్కుతడు. అది ఎవని సొంత బండీ కాదు. అద్దె బండి లెక్క తిరిగింది." చైను జిగటగా ఉందంటే వాసన చూడమన్నాడు. చూశాను. మాడిన వంటనూనె. "హడావుడిలో ఎవడో వంటింట్ల సీసా తెచ్చి పోసిండు" అని తేల్చేశాడు.

కోదాడ దాటి బతకని మనిషి. పాస్‌పోర్టు లేదు. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల నుంచి, నేను చెప్పిన నాలుగు ముక్కలతో ఆ సైకిలు కథంతా చెప్పేశాడు. మిగిలిందల్లా పేర్లు, తేదీలే. అవి నేను తరవాత పోగేసుకున్నాను.

సరిహద్దు అంటే మనం అనుకునే కంచె అక్కడ ఎప్పటినుంచో ఉన్నది కాదు. శాన్ డియేగో వైపు మొదట వేసిన ఇనుప గోడ, వియత్నాం యుద్ధకాలంలో హెలికాప్టర్లు దిగడానికి నేలమీద పరిచిన రేకులతో కట్టింది. 1994 అక్టోబరు 1న ఆపరేషన్ గేట్‌కీపర్ అని మొదలుపెట్టి, ఇంపీరియల్ బీచ్ దగ్గర లైట్లు, జీపులు, మనుషులతో కాపలా బాగా పెంచారు. సముద్రం పక్కన దారి మూస్తే జనం రావడం మానేస్తారని లెక్క. మానలేదు, తూర్పుకి జరిగారు. ముందు కొండల్లోకి, తరవాత ఎడారిలోకి. అక్కణ్ణించి అరిజోనా ఎండల్లో చచ్చిపోయినవాళ్ళ లెక్క వేలలోకి వెళ్ళింది. ఎడారే కాపలా కాస్తుందని ఎవరో కాగితం మీద రాసుకుని ఉంటారు. ఎడారికి జీతం ఇవ్వక్కర్లేదు కదా.

ఈ లోయలో మాత్రం ఇంకా కొన్ని సందులు మిగిలాయి. కొండ నుంచి దిగే వాగు లోయలు, గోట్ కాన్యన్, స్మగ్లర్స్ గల్చ్ లాంటివి. (రెండోదాన్ని 2008-09లో మట్టిపోసి పూడ్చేశారు, ఒక వాగు లోయనే కట్టలా నింపేశారు.) అటునుంచి నడిచి దిగితే అరగంట, గంట ఆరుబయట కనపడాలి. లోయ ఏమో ప్రభుత్వ పార్కు. శని ఆదివారాలు గుర్రాల మీద తిరిగేవాళ్ళు, పక్షులు చూసేవాళ్ళు, హెల్మెట్లు పెట్టుకుని సైకిలు తొక్కేవాళ్ళు. ఎవడో బుర్ర పెట్టాడు. వీపున సంచితో గుంపుగా నడిచేవాడిని దూరబీను పెట్టి మరీ చూస్తారు, సైకిలు తొక్కేవాడిని చూసి చెయ్యి ఊపుతారు.

అంతే. ఒకరి వెనక ఒకరు కొండ దిగడం, మట్టిదారి పట్టుకోవడం, నాలుగు కిలోమీటర్లు తొక్కడం, ఇళ్ళు మొదలయ్యే చోట సైకిలు పొదల్లో పారేసి ఆగి ఉన్న కారెక్కడం. నడిస్తే గంట పట్టేది పావుగంటలో అయిపోతుంది. ఆ పారేసిన సైకిళ్ళే లోయలో గుర్రాల యజమానుల దగ్గర గుట్టలు పడ్డాయి. వేలల్లో అంటారు. కొన్ని నాలాంటి విద్యార్థుల చేతికొచ్చాయి. కొన్ని సైనికుల శిక్షణ కోసం వేసిన నకిలీ ఇరాక్ ఊళ్ళ సెట్లలోకి, నిజంగా ఆ ఊరివాళ్ళవే అన్నట్టు గోడకి ఆనించడానికి వెళ్ళాయి. మెక్సికోలో ఏ పిల్లవాడో పుట్టినరోజుకి అడిగి కొనిపించుకున్న సైకిలు, సరిహద్దు దాటి, కాలిఫోర్నియాలో బాగ్దాద్ వేషం వేసింది.

దొంగతనంగా మనుషుల్ని దాటించే వాళ్ళని నేనేమీ మెచ్చుకోవడం లేదు. డబ్బు తీసుకుని ఎడారి మధ్యలో వదిలేసి పోయినవాళ్ళు వాళ్ళలోనే ఉన్నారు. కానీ సైకిల్ టాక్సీ కొడుకుగా ఆ ఉపాయం ముందు ఒక్క క్షణం నిలబడిపోయాను, అది కూడా ఒప్పుకోవాలి.

ఇంతకీ ఆ పంక్చరు. అసలు రాద్దామనుకున్నది దాని గురించి.

బకెట్లో నీళ్ళు పోసి ట్యూబు ముంచితే ఒకచోట కాదు, మూడుచోట్ల బుడగలు. నాన్న రూలు ఒకటుంది: ముల్లు దొరక్కుండా ముక్క అంటించకూడదు. బనియను గుడ్డ టైరు లోపల చుట్టూ తిప్పితే ముల్లున్న చోట గుడ్డ పట్టేస్తుంది. పట్టేసింది. గోటితో గీకి బయటికి లాగాను. లేత గోధుమరంగు, రెండు కొమ్ములు, వెనక చిన్న చిన్న ముళ్ళు. అరచేతిలో పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

"పల్లేరుకాయ నాన్నా."

"అమెరికాల పల్లేరుకాయ యాడిదిరా?"

నిజంగా పల్లేరే. చిన్నప్పుడు మా చింతలపాలెం మామయ్య వాళ్ళ చేను గట్టు మీద చెప్పుల్లేకుండా నడిచి ఏడ్చిన అదే పల్లేరు. పసుప్పచ్చ పూలు, నేలకి అంటుకుని పాకే తీగ. కాయ ఎండితే అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఎటు పడినా ఒక కొమ్ము పైకే ఉంటుంది. ఇక్కడ దాన్ని గోట్‌హెడ్ అంటారు, మేకతల. ముక్కని చూస్తే నిజంగానే కొమ్ముల మేక మొహంలా ఉంటుంది. ఈ దేశపు మొక్క కాదు, ఎప్పుడో సముద్రం దాటి వచ్చి పడమటి రాష్ట్రాలన్నీ ఆక్రమించింది. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో సైకిలు తొక్కేవాళ్ళకి దీనికంటే పెద్ద శత్రువు లేదు. దీనికోసమే ట్యూబులో పోసే పచ్చ జిగురు సీసాలు అమ్ముతారు. మన దగ్గర పల్లేర్లు మొలిచాయంటే ఆ చోటు పాడుబడిందని. ఇక్కడ కూడా అవి మొలిచేది తవ్వి వదిలేసిన నేలలో, దారుల అంచుల్లో, జీపులు తిరిగి తిరిగి మట్టి పిండి అయిన చోట. అంటే సరిహద్దు పొడవునా.

మూడు ముళ్ళూ ఒక చిన్న సీసాలో వేసి పెట్టుకున్నాను. ఎందుకంటే చెప్పలేను.

లోయలో నడిచిన ఉపాయం ఎడారిలో ఎందుకు అంత బాగా నడవదో నాకు తరవాత అర్థమైంది. అరిజోనా వైపు ఆర్గన్ పైప్ కాక్టస్ పార్కుకి స్నేహితులతో వెళ్ళినప్పుడు మట్టిదారి పక్కన మైళ్ళకొద్దీ సాఫుగా, దువ్వినట్టు ఉంది నేల. పాత టైర్లు మూడు నాలుగు గొలుసుతో కట్టి కాపలావాళ్ళు జీపు వెనక ఈడుస్తారు, మన దగ్గర గుంటక తోలినట్టు. సాయంత్రం తోలి, తెల్లారి వచ్చి చూస్తారు. దాని మీద పురుగు పాకినా గుర్తు పడుతుంది. జాడ తీయడంలో ఆరితేరినవాళ్ళు అడుగు అంచు ఎంత రాలిందో చూసి ఎన్ని గంటల క్రితం దాటారో చెబుతారట. మా నాన్న టైరు చూసి చెప్పినట్టే. అందుకే దాటేవాళ్ళు తివాచీ ముక్కలు కుట్టిన చెప్పులు తొడుక్కుంటారు, పాదం గుర్తు పడకుండా. నీళ్ళ డబ్బాలు నల్లవి తెచ్చుకుంటారు, ఎండలో మెరవకుండా.

అలాంటి నేల మీద సైకిలు తొక్కితే పాము పాకినట్టు ఒకే గీత, ఎక్కడ మొదలై ఎక్కడికి పోయిందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. పైగా వాగు ఇసుకలో చక్రం దిగబడుతుంది. గట్టి దారి మీదే నడుస్తుంది, గట్టి దారి మీదే జీపులూ నడుస్తాయి. పంక్చరైతే నీడ లేదు. వేసవిలో నలభై మూడు, నలభై అయిదు డిగ్రీలు. రామగుండం ఎండ అనుకోండి, కానీ చెట్టు లేదు, చలివేంద్రం లేదు, పక్క ఊరు లేదు. రోజుకి ఏడెనిమిది లీటర్ల నీళ్ళు కావాలి, అన్ని నీళ్ళు మోసుకుని ఎవరూ నడవలేరు, తొక్కలేరు. అయినా తెస్తారు. ఆ పర్యటనలో కూడా ఒక వాగు ఒడ్డున తుప్పుపట్టిన ఫ్రేము చూశాను. చక్రాల్లేవు. హ్యాండిలుకి ఒక బట్ట ముక్క కట్టి ఉంది. జెండాలా కాదు, పట్టు జారకుండా చుట్టింది. ఎండకి ఇనుము కాలితే చేతికి చుట్టుకునే గుడ్డ. మా ఊళ్ళో ఐస్‌ అమ్మేవాళ్ళు హ్యాండిలుకి అలాగే చుట్టేవాళ్ళు.

సైకిలు దాచేది వేగం వల్ల కాదు. చుట్టూ ఇంకో పది సైకిళ్ళుంటేనే అది దాస్తుంది. పార్కులో అది మనిషిని నలుగురిలో కలిపేస్తుంది. ఎడారిలో ఒంటరి చేస్తుంది.

ఈ పిచ్చి పట్టాక సరిహద్దు, సైకిలు అన్న మాటలు ఎక్కడ కలిసి కనిపించినా చదివేవాణ్ణి. టిహువానా నుంచి శాన్ డియేగోకి దాటే శాన్ యిసీద్రో గేటు దగ్గరే ఇంకో కథ ఉంది. 2001 సెప్టెంబరు 11 తరవాత తనిఖీలు పెరిగి, కాగితాలన్నీ సక్రమంగా ఉండి రోజూ పనికి దాటే మెక్సికో వాళ్ళు కూడా గంటల తరబడి నడక వరసలో నిలబడాల్సి వచ్చింది. సైకిళ్ళ వరస మాత్రం చిన్నది, గబగబా కదిలేది. ఇంకేం, గేటుకి అటువైపు సైకిళ్ళు అద్దెకిచ్చే వ్యాపారం మొదలైంది. కొద్ది డాలర్లిచ్చి సైకిలు పట్టుకో, దాటు, అవతల అప్పగించు. చాలామంది తొక్కేవాళ్ళు కూడా కాదు, నడిపించుకుంటూ పోయేవాళ్ళు. కోదాడ సైకిల్ టాక్సీకీ దానికీ తేడా ఏముంది? పలక మీద టైము రాయడం ఒక్కటే తక్కువ.

ఎడారి కాదు గానీ ఆర్కిటిక్ వలయం దాటాక ఇంకా వింత జరిగింది. 2015లో రష్యా నుంచి నార్వేలోకి స్టోర్‌స్కోగ్ గేటు గుండా దాదాపు 5,500 మంది ఆశ్రయం కోరుతూ వచ్చారు, సిరియా వాళ్ళు, అఫ్గానిస్తాన్ వాళ్ళు. రష్యా రూలు ప్రకారం ఆ గేటు నడిచి దాటకూడదు. నార్వే రూలు ప్రకారం కాగితాల్లేని మనిషిని కార్లో తెచ్చినవాడిది నేరం. రెండు రూళ్ళ మధ్య సైకిలు పట్టేంత సందు మిగిలింది. మంచులో, సైకిలు తొక్కడం రాని పెద్దవాళ్ళు పిల్లల సైకిళ్ళ మీద మోకాళ్ళు పైకెత్తి కొద్ది మీటర్లు తోసుకుంటూ దాటారు. అవతల కొత్త సైకిళ్ళు గుట్టపడ్డాయి. నార్వే భద్రతా ప్రమాణాలకి పనికిరావని తుక్కు కింద వేశారు. ఆ ఏడాది చివరికి ఆ దారి మూశారు. 2023 నవంబర్లో ఫిన్లాండు గేట్ల దగ్గర మళ్ళీ అవే సైకిళ్ళు, మళ్ళీ మూత. అక్కడ సైకిలు దాక్కోవడానికి కాదు, రూలుని అక్షరాలా పాటించడానికి. నేను ఈ కథ చెప్పినప్పుడు మా నాన్న అడిగింది ఒకటే: "కొత్త బండ్లు తుక్కేసిండ్రా?" మూడు రోజులు అదే బాధ.

2023 నవంబరులోనే నేను హకుంబా వెళ్ళాను. శాన్ డియేగో నుంచి తూర్పుకి గంటన్నర, కొండలు దాటితే ఎడారి అంచు, చిన్న ఊరు. గోడ బండరాళ్ళ దాకా వచ్చి ఆగిపోతుంది, ఆ సందుల్లోంచి జనం వచ్చి, పారిపోకుండా అక్కడే కూర్చుని, తమని పట్టుకెళ్ళేవాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆరుబయట, పొదలు విరిచి మంట వేసుకుని, రాత్రి గడ్డకట్టే చలిలో. చైనా, కొలంబియా, టర్కీ వాళ్ళు, మనవాళ్ళు. ఊరి జనం, వాలంటీర్లు వండి పెట్టేవాళ్ళు. మా ఆవిడ ఆఫీసులో ఒకావిడ వెళ్తోందంటే పెద్ద గిన్నెడు పులిహోర కలిపి నన్ను కూడా పంపింది. పులిహోర అయితే పాడవదు, చల్లారినా తింటారు అని ఆవిడ లెక్క.

అక్కడ హర్యానా కుర్రాళ్ళు అయిదుగురు కలిశారు. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. నా హిందీ హైదరాబాదు హిందీ, వాళ్ళది నాకు సగమే అర్థమైంది. అన్నం చూసి ఒకడు "యే తో ఖట్టా హై" అని నవ్వి రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ ఊరి పిల్లవాడొకడు నీళ్ళ సీసాలు సైకిలు మీద తెచ్చిస్తున్నాడు. వెనక చక్రం గాలి పోయి, రిమ్ము మీదే నడుపుతున్నాడు. నా కారులో పంపు, ముక్కలు, సొల్యూషను ఎప్పుడూ ఉంటాయి. కూర్చుని టైరు ఊడదీశాను. పొట్టిగా ఉన్న ఒక కుర్రాడు అడక్కుండానే వచ్చి ఎదురుగా కూర్చుని ట్యూబు పట్టుకున్నాడు. నేను గుడ్డ తిప్పేలోపే వాడు వేళ్ళతో తడిమి ముల్లు పీకి చూపించాడు.

"గోఖ్రూ."

"మేం పల్లేరు అంటాం" అన్నాను.

"పల్లేరూ" అని రెండుసార్లు అని చూసుకున్నాడు. ఆ సైకిలు పిల్లవాడు "గోట్‌హెడ్" అన్నాడు. ముగ్గురం నవ్వాం. గరుకు కాగితం లేదు, కుర్రాడు పక్కన రాయి తీసుకుని ట్యూబు గీకాడు. సొల్యూషను రాసి ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాం. అప్పుడు అడిగాడు, మామూలుగా, రైల్లో పక్కవాణ్ణి అడిగినట్టు: "భాయీసాబ్, ఆప్ కైసే ఆయే థే?"

విమానంలో, అన్నాను. చదువుకోవడానికి. వాడు తలూపాడు. ఎంతయిందని అడిగాడు. అప్పు చేశానన్నాను. వాళ్ళ నాన్న ఎకరంన్నర అమ్మాడన్నాడు. మా నాన్న సైకిల్ టాక్సీ తాకట్టు పెట్టిన సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. చెప్పి ఏం చేస్తాను, వాడికీ నాకూ ఒకటే అని చెప్పినట్టవుతుంది, అది నిజం కాదు. నా జేబులో డ్రైవింగు లైసెన్సుంది.

ఆ ఏడాది, అంటే 2022 అక్టోబరు నుంచి 2023 సెప్టెంబరు దాకా, అనుమతి లేకుండా అమెరికాలోకి వస్తూ 96,917 మంది భారతీయులు పట్టుబడ్డారు. అందులో మెక్సికో వైపు నుంచి 41,770. ఎక్కువ గుజరాత్, పంజాబ్, హర్యానా. 2025 ఫిబ్రవరి 5న సైనిక విమానంలో అమృత్‌సర్‌కి తిప్పి పంపిన 104 మందిలో కూడా వాళ్ళే ఎక్కువ. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఒకాయన "మనవాళ్ళు ఇలాంటివి చెయ్యరు" అని పెట్టాడు, చప్పట్ల బొమ్మలతో. నాకు 2019 జనవరి గుర్తొచ్చింది. మిషిగన్‌లో, చదువు పేరు చెప్పి వీసా మీద ఉండిపోయేవాళ్ళని పట్టుకోవడానికి ప్రభుత్వమే తెరిచిన నకిలీ యూనివర్సిటీ, ఫార్మింగ్టన్. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. అరెస్టయిన వాళ్ళలో తెలుగు పిల్లలే ఎంతోమంది. మనం గోడ దూకం. మన సైకిలు ఐ-20. గ్రూపులో ఈ ముక్క రాసి, చెరిపేసి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపేశాను. ఇక్కడ రాస్తున్నాను.

నీలం సైకిలుని ఎమ్మెస్ అయిపోయాక అమ్మేశాను. మూడేళ్ళు తొక్కాను దాన్ని. కొన్నది గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ అబ్బాయి. ఇరవైకే ఇచ్చాను. సీటు తన ఎత్తుకి పెట్టిస్తుంటే "ఎక్కడ కొన్నావన్నా?" అన్నాడు. నేను కూడా గడ్డం ఎత్తి దక్షిణం వైపు చూపించాను.

నాన్నకి ఈ మధ్య చూపు తగ్గింది. దుకాణం ఎప్పుడో పోయింది, అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. పోయిన వారం వీడియో కాల్లో, సర్దుతుంటే బయటపడిన పల్లేరు సీసా కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించాను. గుర్తుపట్టాడు. ఆ సైకిలు ఎంతకమ్మావురా అని పదిహేనేళ్ళ తరవాత అడిగాడు.

"ఇరవైకి."

"కొన్నది?"

"ఇరవైకే."

"మరి బ్రేకు రబ్బర్లు నువ్వే ఏసినవ్ కదరా, రెండు జతలు. ఆ పైసలు?"